మా ఊరి హాల్లో సూపర్ హీరో సినిమా వేస్తే జనం వస్తారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ మండల కేంద్రంలో మిగిలింది ఒకే ఒక్క హాలు. దాన్ని మీ మేనమామగారు లీజుకి తీసుకుని నడుపుతున్నారు. సూపర్ హీరో సినిమా అనగానే ఆయన, "అవి పట్నంలో మల్టీప్లెక్సులకి పనికొచ్చే సినిమాలు, మన జనం చూడరు, చూసినా అర్థం కాదు" అంటున్నారు. మీకేమో ఆ సినిమాలంటే ప్రాణం. ఆయన మాట నిజమేనా, వేస్తే ఎలా వేయాలి అని అడిగారు.

నేను చాలా ఏళ్ళు ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు తరఫున రిప్రజెంటేటివ్‌గా చిన్న ఊళ్ళ హాళ్ళు తిరిగినవాణ్ణి. సినిమా రీళ్ళ పెట్టె అప్పజెప్పడం, ఆటకి ఎంతమంది వచ్చారో గేటు దగ్గర చూసుకోవడం, సెకండ్ షో అయ్యాక డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ళ లెక్క కాగితం మీద సంతకం తీసుకోవడం నా పని. జనం ఏ సీనుకి ఈలలు వేస్తారో, ఏ సీనుకి లేచి టీకి పోతారో హాలు వెనక నిలబడి చూస్తూ గడిపాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మన ఊళ్ళ జనం సూపర్ హీరోని ఎప్పుడూ కాదనలేదు. మీ మామయ్యగారి హాల్లో అలాంటి సినిమా ఏదో పోయే ఉంటుంది, అందుకే ఆయన అలా అంటున్నారు. అయితే అది ఎందుకు పోయిందో ముందు చూడాలి. సినిమా ఆ ఊరికి చేరిన తీరులో, హాల్లో పడిన తీరులో లోపం ఉండి, నెపం జనం మీదకి పోవడం నేను చాలా చోట్ల చూశాను.

ముందు జనం సంగతి. గాల్లో ఎగిరే హీరో తెలుగువాడికి హాలీవుడ్ తెచ్చిపెట్టిన కొత్త సరుకు కాదు. 1951లో వచ్చిన పాతాళ భైరవిలో తోట రాముడు తోటమాలి కొడుకు. ధైర్యం తప్ప ఏమీ లేనివాడికి కోరింది ఇచ్చే శక్తి చేతికొస్తుంది, దాన్ని ఒక మాంత్రికుడు ఎత్తుకుపోతాడు, మళ్ళీ దక్కించుకోవాలి. ఇప్పటి సూపర్ హీరో కథలకి ఇంతకంటే వేరే చట్రం ఏముంది? తర్వాత విఠలాచార్య జానపదాలు, కాంతారావు కత్తియుద్ధాలు బీ, సీ సెంటర్లలో, అంటే చిన్న పట్టణాల్లో, పల్లెల్లో ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ ఆడాయి. 1980లో ఎన్టీ రామారావు ఏకంగా సూపర్‌మ్యాన్ అనే పేరుతోనే, అలాంటి దుస్తుల్లోనే వచ్చారు. అందులో హీరోకి శక్తి ఆంజనేయుడి వరం వల్ల వస్తుంది. నలభై ఏళ్ళు దాటాక, 2024 జనవరి 12న ప్రశాంత్ వర్మ హనుమాన్ వచ్చింది. అంజనాద్రి అనే ఊళ్ళో చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రాడు, వాడికి దొరికిన మణి, మళ్ళీ ఆంజనేయుడే. ఈ రెండింటి మధ్య సాంకేతికంగా భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది. కానీ మన ప్రేక్షకుడు అడిగేది రెండిట్లోనూ ఉంది: వీడికి ఈ బలం ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు? ఆ రెండింటికీ జవాబు మొదటి అరగంటలో దొరికితే ఆ తర్వాత కొండని ఎత్తినా నమ్ముతాడు. జవాబు ప్రయోగశాల అయినా ఫరవాలేదు. సాలీడు కుట్టింది, బలం వచ్చింది అంటే మా ఊళ్ళల్లో ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ జవాబు వేరే సినిమాలోనో, ఓటీటీలో వచ్చిన సిరీస్‌లోనో ఉందంటేనే చిక్కు.

ఆ హనుమాన్ సంక్రాంతి గుర్తుచేసుకోండి. అదే రోజు గుంటూరు కారం, మర్నాడు సైంధవ్, ఆ మర్నాడు నా సామిరంగ. మూడూ పేరున్న హీరోల సినిమాలు. హనుమాన్‌కి హాళ్ళు దొరకడమే గగనమైంది. ఒప్పుకున్న హాళ్ళలో కొన్ని సినిమా వేయలేదని నైజాంలో పంచాయితీ నిర్మాతల మండలి దాకా వెళ్ళింది. మూడు నాలుగు రోజులు తిరిగేసరికి లెక్క మారిపోయింది. జనం అడగడం మొదలుపెట్టారు, హాళ్ళు వాటంతటవే పెరిగాయి. పండగ వెళ్ళిపోయాక కూడా నిలబడి ఆడింది ఆ సినిమాయే. ఆ పండగ సినిమాల్లో మీ మామయ్యగారు దేన్ని వేశారో నాకు తెలియదు గానీ, ఆ నెల డీసీఆర్‌లు ఆయన దగ్గర ఉంటే ఒకసారి తీసి చూడమనండి. ముఖ్యంగా మ్యాట్నీ, ఫస్ట్ షో అంకెలు. పిల్లల సినిమాకి టికెట్లు ఒక్కదానితో ఆగవు. పిల్లవాడి వెంట అమ్మ, నాన్న, కొన్నిసార్లు నాయనమ్మ కూడా వస్తారు.

2025 సెప్టెంబర్ 12న ఇంకో సూపర్ హీరో సినిమా మిరాయ్ వచ్చినప్పుడు పండగా లేదు, సెలవులూ లేవు. అయినా జనం వచ్చారు. ఆ సినిమాకి నిర్మాతలు టికెట్ రేటు పెంచలేదు. పెద్ద సినిమా అనగానే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుని రేట్లు పెంచుకోవడం అలవాటైన రోజుల్లో అది నాకు చాలా నచ్చిన నిర్ణయం. నలుగురున్న కుటుంబం పెరిగిన రేటు చూసి, మొదటి వారం ఆగి చూద్దాంలే అనుకుంటే, మా లెక్కలో ఆ కుటుంబం ఇక రానట్టే. ఆగినవాళ్ళని నెల తిరిగేసరికి ఓటీటీ పట్టుకుపోతుంది.

ఇక హాలీవుడ్ వాళ్ళ సినిమాలు. ఇక్కడ మీ మామయ్యగారి మాటలో కొంత నిజం ఉంది, కానీ ఆయన చెప్పే కారణం వేరు, అసలు కారణం వేరు. 2007లో స్పైడర్ మ్యాన్ మూడో భాగాన్ని మనదేశంలో హిందీ, తమిళం, తెలుగులతో పాటు భోజ్‌పురిలో కూడా డబ్ చేసి వదిలారు. అంటే చిన్న ఊళ్ళ జనం చూస్తారని ఆ కంపెనీలకి అప్పటికే నమ్మకం కుదిరింది. 2018 ఏప్రిల్ 27న అవెంజర్స్ సినిమా ఇన్ఫినిటీ వార్ వచ్చినప్పుడు తెలుగులో విలన్ థానోస్‌కి రానా గొంతు ఇచ్చాడు. ఆ ఎంపిక చేసినవాళ్ళకి నేను మనసారా దండం పెడతాను. అప్పటిదాకా డబ్బింగ్ ఇంగ్లీషు సినిమా అంటే ఎవరిదో తెలియని ఒకే రకం గొంతులు, పెదవికి అందని మాటలు. రానా గొంతు వినగానే హాల్లో జనం సర్దుకుని కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. విలన్ మనవాడైపోయాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 26న దాని తర్వాతి భాగం ఎండ్‌గేమ్ వచ్చింది. నిడివి మూడు గంటల ఒక్క నిమిషం. అంత పొడవు సినిమాని జనం కదలకుండా చూశారు.

ఆ రెండు సినిమాలూ ఎప్పుడు వచ్చాయో చూడండి. ఏప్రిల్ చివరివారం. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు అయిపోయాయి, బడులకి సెలవులు. 2018లో అంతకు ముందు వారం వచ్చింది భరత్ అనే నేను, తర్వాత వారం నా పేరు సూర్య. 2019లో జెర్సీ, కాంచన 3 అంతకు ముందు వారం వచ్చేశాయి, మహర్షి మే 9న గానీ రాలేదు. మధ్యలో దాదాపు రెండు వారాల ఖాళీ. ఆ ఖాళీ ఉండబట్టే ఒకే తెర ఉన్న ఊళ్ళకి కూడా ఎండ్‌గేమ్ చేరింది. మల్టీప్లెక్సులో అయిదారు తెరలుంటాయి, అన్నీ సర్దుకుంటాయి. ఒకే తెర ఉన్నచోట శుక్రవారానికి ఒకటే సినిమా, పోటీలో ఉన్నది పెద్ద హీరో సినిమా అయితే బుకింగ్ ఎటు పోతుందో వేరే చెప్పాలా? 2021 డిసెంబర్ 16న స్పైడర్ మ్యాన్ కొత్త సినిమా వచ్చింది, 17న పుష్ప వచ్చింది. ఆ వారం చిన్న ఊళ్ళలో స్పైడర్ మ్యాన్‌కి తెర దొరకలేదంటే అది జనం తిరస్కరించినట్టు కాదు. వాళ్ళకి ఎంచుకునే అవకాశమే రాలేదు. పైగా అప్పుడు ఆంధ్రలో టికెట్ రేట్లకి పరిమితి పెట్టిన 35వ నంబరు జీవో నడుస్తోంది. పంచాయతీలో ఏసీ లేని హాలుకి నేల టికెట్ 5 రూపాయలు. ఆ రేటుకి కరెంటు బిల్లు కూడా రాదని చాలామంది హాలు తాళం వేసుకున్నారు. 2022 మార్చిలో రేట్లు సవరించారు గానీ, అప్పటికే కొన్ని హాళ్ళు కల్యాణ మండపాలైపోయాయి.

ఆ పుష్ప వచ్చిన నెలలోనే, 2021 డిసెంబర్ 24న, మలయాళంలో బేసిల్ జోసెఫ్ తీసిన మిన్నల్ మురళి నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఊళ్ళో దర్జీ పని చేసుకునే కుర్రాడికి పిడుగు పడి శక్తి వస్తుంది. అదే పిడుగు పడ్డ ఇంకొకడు, ఊరంతా వెలివేసినట్టు చూసే ఒక అభాగ్యుడు, విలన్ అవుతాడు. చిన్న ఊరి మీద ఇంత ప్రేమతో, ఇంత నిజాయితీగా తీసిన సూపర్ హీరో సినిమా నేను చూడలేదు. చిన్న ఊరి హాల్లో మాత్రం అది పడలేదు. తెలుగులోనూ డబ్ చేశారు, ఫోన్లో చూసినవాళ్ళు చూశారు. ఫస్ట్ షోకి నిండిన హాల్లో ఆ విలన్ కథకి జనం ఎలా కరిగిపోయేవాళ్ళో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దీని గురించి ఎవరూ మాట్లాడరు కనుక కొంచెం వివరంగా చెబుతాను. చిన్న ఊళ్ళలో సూపర్ హీరో సినిమాని ఎక్కువగా దెబ్బతీసేది హాల్లోని వెలుతురు, శబ్దం.

మొదట ప్రొజెక్టర్. 2005 తర్వాత రీళ్ళు పోయి డిజిటల్ వచ్చినప్పుడు చిన్న ఊళ్ళకి ముందుగా చేరినవి చాలావరకు ఈ-సినిమా ప్రొజెక్టర్లు, ఖరీదు తక్కువ రకం. హాలీవుడ్ స్టూడియోలు తమ సినిమాకి డీసీఐ ప్రమాణం (డిజిటల్ సినిమాకి ఆ స్టూడియోలే కలిసి పెట్టుకున్న నాణ్యత ప్రమాణం) ఉన్న 2కే ప్రొజెక్టర్, సర్వర్ ఉండాలంటాయి. అందువల్ల ఆ సినిమాలు చాలాకాలం కొన్ని ఊళ్ళకి రానేలేదు. జనం చూడరు కాబట్టి రాలేదని అందరూ అనుకున్నారు. మీ హాల్లో ఏ రకం ఉందో ముందు ఆపరేటర్‌ని అడగండి. అది తెలియకుండా బుకింగ్ మాట ఎత్తడం దండగ.

తర్వాత వెలుతురు. తెర మీద పడే వెలుగుకి 14 ఫుట్ లాంబర్టులు (వెలుగుని కొలిచే కొలత) ప్రమాణం. ప్రొజెక్టర్‌లో కొత్త జెనాన్ లాంపుతో అది వస్తుంది. లాంపు గంటలు గడిచేకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఖర్చుకి వెనకాడి గడువు దాటాక కూడా అదే లాంపుతో నడిపే హాళ్ళు బోలెడు. మామూలు కుటుంబ కథలో, పగటి పాటల్లో ఈ లోటు కనిపించదు. సూపర్ హీరో సినిమాలో సగం యుద్ధాలు చీకట్లో జరుగుతాయి. మసక తెర మీద నల్ల దుస్తులవాడు నల్ల ఆకాశంలో ఎవరితోనో కొట్టుకుంటుంటే చూసేవాడికి ఏం అర్థమవుతుంది? "అర్థం కాలేదు" అని బయటికి వచ్చినవాడు చెప్పేది కథ గురించని యజమాని అనుకుంటాడు. నిజానికి వాడికి బొమ్మే కనపడలేదు. ఇక 3డీ అయితే కళ్ళజోడు, ప్రొజెక్టర్ ముందుండే ఫిల్టర్ కలిసి వెలుగులో చాలా భాగం మింగేస్తాయి. అన్నీ సక్రమంగా ఉన్నచోటే నాలుగున్నర ఫుట్ లాంబర్టులు దక్కితే గొప్ప. అందుకని చిన్న హాలుకి నా సలహా ఒక్కటే: 3డీ జోలికి పోవద్దు, 2డీ వెర్షనే అడగండి. 3డీ కోసం వేసిన వెండి పూత తెర ఉంటే నడుమ మెరుపుగా, పక్కలకి మసకగా ఉంటుంది. దాన్ని మార్చే స్తోమత ఇప్పుడు లేకపోతే పక్క సీట్ల టికెట్లు చివర్లో తెంపమనండి. బూత్ కిటికీ అద్దం మీద పేరుకున్న దుమ్ము తుడిపించండి. పైసా ఖర్చు లేని పని, తేడా మీకే కనిపిస్తుంది.

శబ్దం ఇంకా ముఖ్యం. సినిమాలో మాటలు ఎక్కువగా తెర వెనక నడిమి స్పీకర్ నుంచి వస్తాయి. పేలుళ్ళు, సంగీతం ఎడమా కుడీ, పక్క గోడల నుంచి కూడా వస్తాయి. నడిమి స్పీకర్ బలహీనపడితే మాటలు ఆ హోరులో మునిగిపోతాయి. రణగొణ ఎక్కువైందని ఎవరో అనగానే ఆపరేటర్ మొత్తం వాల్యూమ్ తగ్గిస్తాడు, దాంతో మాటలు మరీ వినపడవు. "డబ్బింగ్ బాలేదు" అన్న మాట చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. మీరు ఒక పని చేయండి. ఉదయం ఖాళీ హాల్లో సినిమాలో మాటలున్న సీను ఒకటి, యుద్ధం సీను ఒకటి వేయించి, వెనక వరుసలో ఒకసారి, నేల క్లాసులో ఒకసారి కూర్చుని వినండి. పక్కగోడల స్పీకర్లు ఎన్ని పలుకుతున్నాయో చెవి పెట్టి చూడండి. అన్నీ పలికే చిన్న ఊరి హాలు నాకు అరుదుగా తగిలింది.

ఇవి బాగుంటే చిన్న ఊరైనా ఏం చేయగలదో సూళ్ళూరుపేట దగ్గరి వి ఎపిక్ అనే హాలు చూపించింది. 2019 ఆగస్టులో సాహోతో మొదలైంది, తెర వెడల్పు 100 అడుగుల పైమాటే. ఆ తెర మీద సినిమా చూడడానికి చెన్నై నుంచి కార్లేసుకుని వస్తారు. అంత పెట్టుబడి అందరికీ సాధ్యం కాదు, నాకు తెలుసు. జనం బొమ్మ కోసం, ధ్వని కోసం ఎంత దూరమైనా వస్తారన్న సంగతి మాత్రం అక్కడ రుజువైంది.

డబ్బు లెక్కల్లో మీ మామయ్యగారి భయాన్ని నేను కొట్టిపారేయను. మన దగ్గర పెద్ద సినిమాకి మొదట రెంటు, అంటే హాలుకి ఇంత అని కట్టే అద్దె. జనం తగ్గాక పర్సంటేజి, అంటే వసూళ్ళలో వాటా. రెంటు వస్తే హాలుకి ఏదో ఒక నిలకడ, పర్సంటేజి అయితే ఆడినంతే దక్కుతుంది. నిండే రోజుల్లో రెంటు, ఖాళీ రోజుల్లో పర్సంటేజి ఏమిటని ఎగ్జిబిటర్లు 2025 మేలో గట్టిగానే అడిగారు. జూన్ 1 నుంచి హాళ్ళు మూసేస్తామని ప్రకటించి తర్వాత వెనక్కి తగ్గారు. అంతకు ముందు ఏడాది మేలో సినిమాలు లేక తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు కొన్నాళ్ళు మూశారు కూడా. నా దృష్టిలో డబ్బింగ్ సూపర్ హీరో సినిమాలు సరిగ్గా అలాంటి ఎండు వారాలకి అక్కరకొస్తాయి. పెద్ద తెలుగు సినిమాకి పోటీగా వేయొద్దు. ఖాళీ వారం చూసి, పర్సంటేజి మీద, మ్యాట్నీ, ఫస్ట్ షోలకి పెట్టి, మార్నింగ్ షో, సెకండ్ షోలకి వేరే సినిమా నడుపుకోనిస్తారేమో డిస్ట్రిబ్యూటర్లతో మాట్లాడండి. విడుదల వారంలో ఒప్పుకోరు. రెండో మూడో వారంలో బేరానికి వస్తారు.

సినిమా ఎంచుకునేటప్పుడు నేను చూసేవి రెండే. దాని ముందు సినిమాలు చూడనివాడికి కథ అర్థమవుతుందా? సెన్సార్ సర్టిఫికెట్ ఏమిటి? 2024 జూలైలో వచ్చిన డెడ్‌పూల్, వుల్వరిన్ సినిమాకి ఇచ్చింది 'A' సర్టిఫికెట్, అంటే పెద్దలకి మాత్రమే. బొమ్మ చూసి పిల్లలొస్తారు, గేటు దగ్గర ఆపాలి, గొడవవుతుంది. 2025 ఆగస్టు చివర్లో మలయాళం నుంచి తెలుగులోకి వచ్చిన "కొత్త లోక" అనే సినిమా లాంటిది మొదటి రకం పరీక్షకి చక్కగా నిలుస్తుంది. కేరళ జానపదంలోని నీలి అనే యక్షిణి కథని ఇప్పటి బెంగళూరులోకి తెచ్చారు. ముందు ఏమీ చూసి ఉండక్కర్లేదు. సూపర్ హీరో ఆడపిల్ల. మీ ఊరి డిగ్రీ కాలేజీ అమ్మాయిలు గుంపుగా వచ్చే సినిమా అది.

ప్రచారం దగ్గర అందరూ ఒక పొరపాటు చేస్తారు. ఇంగ్లీషు అక్షరాల పోస్టరే తెచ్చి గోడకి అంటిస్తారు. ఊళ్ళో సగం మందికి ఆ సినిమా తెలుగులో ఉందని చివరిదాకా తెలియదు. "తెలుగులో" అన్న మాట అన్నిటికంటే పెద్దదిగా ఉండాలి. ఆటో మైకులో హీరో పేరు కాకుండా కథ రెండు ముక్కలు చెప్పించండి. హాలీవుడ్ సినిమాకి విశ్రాంతి ఉండదు. ఎక్కడ ఆపాలో ఆపరేటర్‌కి వదిలేస్తే యుద్ధం నడుమ ఆపుతాడు. మీరు ముందే చూసి ఉంటారు కాబట్టి ఆ చోటు మీరే చెప్పండి. క్యాంటీన్ లీజు తీసుకున్నాయన కూడా సంతోషిస్తాడు. పేర్లు పడగానే లైట్లు వేసి తలుపులు తీసేయొద్దని గట్టిగా చెప్పండి. పేర్ల తర్వాత వచ్చే చివరి తునక కోసం కూర్చునే కుర్రాళ్ళే మర్నాడు ఇంకో నలుగుర్ని తెస్తారు.

మహారాష్ట్రలో మాలేగావ్ అని మరమగ్గాల ఊరు ఉంది. శుక్రవారం మగ్గాలకి సెలవు, ఆ రోజు హాళ్ళు కిటకిటలాడతాయి. అక్కడ వీడియో పార్లర్ నడిపిన నాసిర్ షేక్ అనే ఆయన, సినిమాలు చూసి చూసి, సొంతంగా తమ ఊరి సూపర్‌మ్యాన్‌నే తీశాడు. హీరో షఫీక్ బక్కపలచటి మగ్గం కార్మికుడు. ఫైజా అహ్మద్ ఖాన్ దాని మీద తీసిన డాక్యుమెంటరీ దొరికితే మీ మామయ్యగారితో కలిసి చూడండి. చిన్న ఊరి జనానికి సూపర్ హీరో అక్కర్లేదన్న మాట దాని తర్వాత ఆయన అంటారని నేననుకోను.

ముందుగా ఆపరేటర్‌తో మాట్లాడి ప్రొజెక్టర్ రకం, లాంపు ఎన్ని గంటలు వాడారు, పలకని స్పీకర్లు ఎన్ని అన్న మూడు సంగతులూ ఇక్కడ రాయండి. వాటిని బట్టి వచ్చే వేసవి సెలవులకి ఏ వారం ఖాళీగా ఉండొచ్చో, ఎలాంటి సినిమా అడగాలో కలిసి చూద్దాం.